ఆ స్విచ్చు ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా

కాదు, ఫోన్‌కి వచ్చిన కొత్త రూపం అందంగా ఉందన్న మాట మాత్రం నా దగ్గర అనొద్దు. శుభ్రంగా ఉంది, తేలిగ్గా ఉంది, కంటికి హాయిగా ఉంది, ఇవన్నీ నాకు తెలుసు. ఆ మాటల్ని రోజూ జనానికి పంపేది నేనే. హైదరాబాద్‌లో ఉన్న ఒక ఆఫీసుకి ఇంటి నుంచి పనిచేస్తాను. ఒక యాప్ వాడేవాళ్లు "నిన్నటిదాకా ఇక్కడున్న బటన్ ఏదమ్మా" అని చాట్‌లో అడిగితే, "మీ సౌకర్యం కోసం మా యాప్‌ను కొత్తగా తీర్చిదిద్దాం" అని జవాబు పంపడం నా ఉద్యోగం. ఆ జవాబు నేను రాసింది కాదు, ముందే రాసిపెట్టి ఇస్తారు. ఒకాయన "ఎవరి సౌకర్యం?" అని తిరిగి అడిగాడు. దానికి జవాబు మాత్రం ఎవరూ రాసి ఇవ్వలేదు.

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అంటారు. ఫోన్ చేతిలోంచి దిగదని కూడా అంటారు. రెండూ నిజమే. ఆ రెండూ కలిసి ఉండబట్టే నాకు ఈ సంగతి కనిపించింది. నాలాగా రోజంతా తెర చూడని వాళ్లకి కనిపించదు. కనిపించకూడదనే అలా చేస్తారని నా అనుమానం.

మా ఇంటికి మొదటి టచ్ ఫోన్ వచ్చినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇల్లు. ఫోన్ నాన్నది, కానీ నాన్న స్నానానికి వెళ్తే అక్కదీ నాదీ. అందులో నోట్స్ తెరిస్తే గీతలున్న పసుపు కాగితం వచ్చేది, పైన చింపిన అంచుతో సహా. పుస్తకాలన్నీ చెక్క అరలో నిలబడి ఉండేవి. చెత్తబుట్ట అచ్చం మా వంటింట్లో ఉన్న జాలీ బుట్టే, లోపల నలిపిన కాగితం ఉండలు కూడా కనిపించేవి. కాలిక్యులేటర్ మీద అంకెలు ఉబ్బెత్తుగా ఉండి నొక్కితే లోపలికి దిగేవి. అవి నిజంగా దిగుతున్నాయో లేదో చూడ్డానికి అక్క తెర మీద గోరుతో గీకి తిట్లు తింది. స్విచ్చయితే స్విచ్చులాగే ఉండేది. పక్కకి జరిపితే ఆన్ అనే అక్షరాలు బయటపడేవి, ఇటు జరిపితే ఆఫ్ అని. అమ్మకి ఆ ఫోన్ ఎవరూ నేర్పలేదు. నేర్చుకోవడానికి అందులో కొత్తదేమీ లేదు. బీరువాలో, గోడ మీద, బల్ల మీద చూసినవే చిన్నవై లోపలికి వెళ్లాయి, అంతే.

ఒక రోజు పొద్దున లేచేసరికి అవన్నీ పోయాయి. రాత్రికి రాత్రి ఎవరో ఫోన్ మీద ఇస్త్రీ పెట్టె తిప్పినట్టు మొత్తం చదునుగా, తెల్లగా అయిపోయింది. కాగితం లేదు, చెక్క లేదు, నీడ లేదు. అక్షరాలు జ్వరం వచ్చి లేచినట్టు సన్నబడ్డాయి. బటన్ ఉండాల్సిన చోట ఒక మాట మాత్రం ఉంది, అది చదవడానికో నొక్కడానికో తెలియదు. మేం చిన్నవాళ్లం, సాయంత్రానికల్లా అలవాటు పడ్డాం. అమ్మ మాత్రం ఆ రోజు నుంచి ఫోన్ మా చేతికిచ్చి "నువ్వే చెయ్యి" అనడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అంటూనే ఉంది.

ఆ తర్వాత ఎన్ని వేషాలు వచ్చాయో మీరూ చూశారు. మూలలు గుండ్రమయ్యాయి. రంగులు ఒకదాంట్లోంచి ఒకటి జారాయి. మనుషుల ఫొటోలన్నీ గుండ్రటి బిళ్లలయ్యాయి. నల్లటి తెర వచ్చింది, కళ్లకి మంచిదన్నారు. ప్రతిసారీ ఏదో ఒకటి మంచిదనే అన్నారు. ఆఫీసులో నేను చూస్తున్నది వేరు. కొనసాగించు అనే మాట అరచేయంత రంగు బిళ్లలో మెరుస్తుంది. ఆపెయ్యి అనే మాట కింద, బూడిద రంగులో, దోమంత. ఇది చేతకాక చేసిందా? చేతనైనవాళ్లే చేశారని నేనంటాను. మా పైఅధికారి నవ్వి, నీకు అన్నీ కుట్రల్లాగే కనిపిస్తాయి అన్నాడు. అలాగే కనిపిస్తాయి మరి. దేనికి నీడ తీసేశారో, దేనికి ఉంచారో వరసపెట్టి చూడండి, మీకూ కనిపిస్తాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ చదును వల్ల మా అక్క కాపురం దాదాపు చెడింది.

అక్క పెళ్లయి గోదావరిఖని వచ్చింది. బావ వాళ్లది కమాన్‌పూర్ దగ్గర పల్లె. వాళ్ల నాన్న బొగ్గుబాయిలో పనిచేశాడు, ఇప్పుడు బావ చేస్తున్నాడు. ఇక్కడ గని అని పేపర్లోనే రాస్తారు, మనుషులందరూ బాయి అనే అంటారు. పెళ్లి కుదిరినప్పుడు అక్క ఒకటే భయపడింది. భూమి లోపలికి వెళ్లే మనిషి రోజూ పైకొచ్చాడో లేదో తనకెలా తెలుస్తుంది? దానికి బావ ఒక ఉపాయం చేశాడు. తన ఫోన్ ఎక్కడుందో అక్క ఫోన్‌లో కనిపించేట్టు మ్యాప్ యాప్‌లో పెట్టించాడు. ఒక నీలం చుక్క. నిశ్చితార్థానికి పెట్టిన ఉంగరం కన్నా అక్క ఆ చుక్కనే ఎక్కువ చూసుకుంది.

బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. నిప్పురవ్వ పుడుతుందని భయం. బావ తన ఫోన్‌ని బైక్ డిక్కీలో పెట్టి తాళం వేసి దిగుతాడు. కాబట్టి షిఫ్టు ఉన్నంతసేపూ చుక్క బైక్ స్టాండ్ దగ్గర కదలకుండా కూర్చుంటుంది. అది కదిలిందంటే బావ పైకొచ్చి బండి తీశాడన్నమాట. అక్క ఎన్ని పనుల్లో ఉన్నా చుక్క కదిలే వేళకి ఫోన్ దగ్గరికి వచ్చేది. కదలడం చూసి బియ్యం కడిగేది.

అక్కకి ఆరో నెల వచ్చాక నేను వచ్చాను. ఆఫీసు పని ఎక్కడినుంచైనా చేయొచ్చు, అక్కకి తోడుగా ఉంటావని అమ్మ పంపింది. కంపెనీ క్వార్టర్, ముందు చిన్న వరండా, ఉదయం తుడిచిన కిటికీ మీద మధ్యాహ్నానికి మళ్లీ నల్లటి పొడి. మొదట్లో నాకేమీ తోచేది కాదు. బావ మాత్రం నన్ను వదిలేవాడు కాదు. ఫోన్ చూస్తూ అన్నం తింటుంటే, "మరదలా, ముద్ద నోట్లకే పోతాందా, చూసుకో" అనేవాడు.

ఒక రోజు ఆయన చొక్కా జేబులోంచి ఒక ఇత్తడి బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. గుండ్రంగా, మీద నంబరు, పైన చిల్లు. ఏదైనా పతకమా అని అడిగాను. బావ నవ్వాపుకోలేకపోయాడు. దిగేటప్పుడు ఆ బిళ్ల ల్యాంప్ రూమ్‌లో ఇచ్చి టోపీకి పెట్టుకునే లైటు తీసుకుంటారట. లైటు ఉండే కొక్కేనికి వాళ్లు బిళ్ల తగిలిస్తారు. పైకొచ్చాక లైటు వాపసిచ్చి బిళ్ల తెచ్చుకుంటారు. కొక్కేనికి బిళ్ల మెరుస్తూ వేలాడుతోందంటే మనిషి లోపలున్నట్టు. బిళ్ల లేదంటే బయటికొచ్చినట్టు. ఒకాయన ఎవరి పెళ్లికో వెళ్లే తొందరలో బిళ్ల తీసుకోకుండానే ఇంటికి పోయాడట. షిఫ్టు దిగి అందరూ వెళ్లిపోయారు, ఆయన బిళ్ల మాత్రం వేలాడుతోంది. లోపల వెతకడానికి మనుషులు తయారయ్యారు, ఇంటికి జీపు పోయింది. ఆయన పెళ్లి భోజనం దగ్గర దొరికాడు. తింటున్న విస్తరి ముందునుంచి లేపుకొచ్చారని బావ కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, అది మాత్రం ఎవ్వరూ మరవొద్దు అన్నాడు.

నేను విన్నాను, మళ్లీ ఫోన్ చూసుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకి మ్యాప్ యాప్‌కి కొత్త రూపం వచ్చింది. అక్క ఫోన్‌కీ, బావ ఫోన్‌కీ. అంతకుముందు ఈ చుక్క సంగతి ఎక్కడో లోపల ఉండేది. ఆ యాప్‌లో మాత్రం ఇంకా పాతకాలం ఉబ్బెత్తు స్విచ్చే, దాని మీద ఆన్ అనే మాట. పెట్టిన రోజు తర్వాత బావ దాన్ని తాకలేదు. ఇప్పుడు దాన్ని తెచ్చి యాప్ ముఖం మీదే పెట్టారు. అక్క ఫొటో గుండ్రంగా, పక్కన మందుమాత్ర లాంటి ఒక ఆకారం. దాని మీద ఒక్క అక్షరం లేదు. ఒకవైపు జరిపితే నీలం, ఇంకోవైపు జరిపితే బూడిద.

ఆ వారంలోనే చుక్క పాడయింది. పాడవడం అని అక్క అంది. పొద్దున బావ బాయి దగ్గరికి చేరేసరికి చుక్క వెలుగుతుంది. షిఫ్టు మొత్తం బైక్ స్టాండ్ దగ్గర బుద్ధిగా కూర్చుంటుంది. షిఫ్టు అయిపోయే వేళకి ఆరిపోతుంది. కదలడం లేదు, ఆరిపోవడమే. ఆ తర్వాత ఎంతోసేపటికి బావ ఇంటికొస్తాడు.

మొదటి రోజు అక్క వరండాలోకీ లోపలికీ తిరిగింది. బావకి ఫోన్ చేస్తే, వస్తున్నా అన్నాడు. వచ్చాక డ్యూటీ లేటయిందా అని అడిగింది. ఆ, జర లేటయిందని చెప్పి స్నానానికి వెళ్లాడు. రెండో రోజూ అంతే. సిగ్నల్ లేదేమో అని అక్క అంది. రోజూ అదే వేళకి పోయే సిగ్నల్ ఎక్కడుంటుందో చెప్పమన్నాను. నా ఫోన్‌లో ఆ యాప్ తెరిచి మొత్తం తిరగేశాను. ఆ స్విచ్చు దానంతట అది మారదు. ఎవరో ఒకరు వేలు పెట్టి జరపాలి. ఆ ఫోన్ ఆయనది, వేలూ ఆయనదే.

ఇది నేను గట్టిగానే చెప్పాను. అక్క కూర తరుగుతోంది, తరగడం ఆపలేదు. పనిలో ఉన్నంతసేపూ నన్ను చూసుకో, పని అయ్యాక చూడొద్దు, అంతేగా దీనర్థం? ఏ తప్పూ చేయలేని చోట ఉన్నప్పుడే చుక్క కనిపిస్తోంది. అక్క మెల్లగా అడిగింది. "నీకు పక్కా తెలుసా, అది చెయ్యితోనే మార్చాలె అని?" పక్కా అన్నాను. ఆ విషయం నిజంగానే పక్కా.

ఒక సాయంత్రం నేను చౌరస్తా దాకా ఛార్జర్ వైరు కోసం వెళ్లాను. అక్కడ ఒక టీ హోటల్ బయట బావ బండి ఉంది. లోపల బెంచీ మీద బావ ఒక్కడే, గాజు గ్లాసు ముందు పెట్టుకుని ఫోన్ చూస్తూ నవ్వుతున్నాడు. నా ఫోన్ తీసి అక్కకి ఫోన్ చేసి చుక్క చూడమన్నాను. లేదంది. నా ఎదురుగా బావ ఉన్నాడు, అక్క ఫోన్‌లో బావ లేడు. పిలవకుండానే వెనక్కి వచ్చాను. ఆయన ఇంటికొచ్చి మళ్లీ అదే మాట అన్నాడు, జర లేటయిందని. అక్క నావైపు చూసింది. ఆ చూపు నాకు అస్సలు నచ్చలేదు, ఎందుకంటే అందులో కోపం లేదు.

మర్నాడు బావ ఫస్టు షిఫ్టుకి వెళ్లగానే అక్క బ్యాగు దించింది. మొదటి పురుడు పుట్టింట్లోనే, అది అందరికీ తెలిసిందే. కానీ ఇంకా రెండు నెలల తర్వాత వెళ్లాల్సింది. మధ్యాహ్నం రామగుండం నుంచి రైలుంది, తోడు రమ్మంది. చీరలు మడతపెడుతూ, నా ముఖం చూడకుండా చెప్పింది.

"పురుడుకు పోతున్న అని ఇరుగుపొరుగుకు చెప్త. మళ్ల వస్తనో రానో, గది నీకొక్కదానికే చెప్తున్న. నాకు తెల్వదు."

నాకు ఒళ్లు మండిపోయింది. బావ మీద, ఆ టీ హోటల్ మీద, నీలం చుక్క మీద. రైలెక్కే ముందు ఆయన్ని నిలబెట్టి అడగకుండా కదిలేది లేదన్నాను. అక్క వద్దంది. వద్దంటూనే ఆటో పిలవడం ఆలస్యం చేసింది. అడగాలని తనకీ ఉందని నేను అనుకున్నాను. తర్వాత తను ఒప్పుకోలేదు. ఆ ఆలస్యంలో రైలు వేళ దాటిపోయింది, బావ షిఫ్టు దిగే వేళ అయింది. బ్యాగు వరండాలో తలుపు పక్కన ఉంది. ఆ రోజు చుక్క ఆరిపోలేదు. అది కదిలింది. బైక్ స్టాండ్ నుంచి సరాసరి మా వీధి దాకా వచ్చింది. అక్కా నేనూ ఇద్దరం తలలు కలిపి తెర మీద దాన్ని చూస్తూ ఉన్నాం. ఎవరో చెప్పేశారు ఈయనకి అని నాకు అనుమానం వచ్చింది.

బండి ఆగింది. బావ లోపలికి వస్తూ బ్యాగు చూశాడు, మమ్మల్ని చూశాడు.

"ఏంది, ఇద్దరు పోలీసులు ఒక్కదగ్గరనే నిలబడ్డరు," అని, బూట్లు విప్పడానికి వంగి, ఏదో గుర్తొచ్చినట్టు జేబులోంచి ఫోన్ తీశాడు. తెరిచాడు. మా ఇద్దరి ముందే, దాచకుండా, బొటనవేలితో ఒకటి పక్కకి జరిపాడు. అక్క చేతిలో చుక్క ఆరిపోయింది.

నేను అరిచాననే చెప్పాలి. మా ముందే ఆపుతున్నాడు చూడు, ఎంత ధైర్యం, అన్నాను. బావకి నిజంగానే ఏమీ అర్థం కాలేదు. ఒక బూటు విప్పి, ఒక బూటుతో నిలబడిపోయాడు.

"ఇంటికొచ్చిన గద," అన్నాడు.

"ఇంటికొస్తే ఆపుతరా?" అంది అక్క.

"మరి? గది నీలంగ ఎలుగుతాంటే నేనింక లోపల్నే ఉన్నట్టు గాదా? పొద్దుగాల దిగేటప్పుడు నీలం జేస్త, పైకి రాంగనే తీసేస్త. ఇయ్యాల బాయి కాడ మర్చిన."

నేను ఇంకేదో అనబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. తను బావనే చూస్తోంది.

"నాకేమని తెలువాలె అనుకున్నవ్, అది తీసేస్తే?"

బావ జేబులో చెయ్యి పెట్టాడు. ఇత్తడి బిళ్ల తీసి తన ఫోన్ తెర పక్కన పట్టుకున్నాడు. అప్పుడు చూశాను నేను. అక్క గుండ్రటి ఫొటో, గుండ్రటి బిళ్ల. రెండూ ఒక్కంత ఉన్నాయి.

"బిళ్ల తెచ్చుకున్న అని. బయటికొచ్చిన, ఇగ ఫికర్ చెయ్యకు అని," అన్నాడు. "నువ్వే పెట్టినవేమో అనుకున్న గది. నీ ఫొటో ఉన్నది, పక్కకే స్విచ్చు ఉన్నది. నా కోసమే పెట్టినట్టున్నది అనుకున్న."

అక్క వరండాలో బ్యాగు మీదే కూర్చుండిపోయింది. "అది ఆరంగనే నా ఫికర్ షురూ అయ్యేది," అంది. బావ రెండో బూటు విప్పుకుని ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

నేను అలా వదిలే రకం కాదు. మరి టీ హోటల్ సంగతేంటి, డ్యూటీ లేటయిందని ఎందుకు చెప్పావు అని అడిగాను. అందుకు మాత్రం బావ తల గోక్కున్నాడు. ఇంటికి రాగానే అక్కా నేనూ రెండు ఫోన్లు చూస్తూ కూర్చుంటామట, ఆయన్ని ఎవరూ పలకరించరట. అందుకని ఒక చాయ్ తాగి, ఏవో నవ్వులాట వీడియోలు చూసి వస్తున్నాడట. చెప్తే అక్క బాధపడుతుందని చెప్పలేదట. అక్క నమ్మింది. ఒక్క చాయ్‌కి అంతసేపు ఎందుకు పడుతుందో నాకు ఇప్పటికీ సరిగా లెక్క కుదరలేదు. ఆ మాట ఇంట్లో అనడం మానేశాను, అంతే.

బ్యాగు లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రమే అక్క వరండా తలుపు పక్కన గోడకి ఒక మేకు కొట్టించింది. బావ వచ్చి బిళ్ల దానికి తగిలించాలి, పొద్దున వెళ్తూ తీసుకుపోవాలి. బాయి దగ్గర లెక్కకి ఇది సరిగ్గా తలకిందులు. ఇక్కడ బిళ్ల వేలాడుతోందంటే మనిషి ఇంట్లో ఉన్నట్టు. రెండు రోజులు బావ తికమకపడ్డాడు. "అక్కడొక లెక్క, ఇక్కడొక లెక్క, నడుమ నా తల ఖరాబ్," అన్నాడు. మూడో రోజు నుంచి చెయ్యి దానంతట అదే మేకు మీదికి వెళ్లింది. అక్క వంటింట్లోంచి చూడక్కర్లేదు, ఇత్తడి గోడకి తగిలిన చప్పుడు చాలు. యాప్ మాత్రం ఇద్దరి ఫోన్లలో ఉంది, ఎవరూ తెరవట్లేదు.

అక్కడితో అయిపోయిందని మీరనుకుంటే సరే. నా ఆవేశం, బావ అమాయకత్వం, మధ్యలో ఒక పొరపాటు, అందరూ నవ్వుకున్నారు, అని అమ్మ మా పిన్నులకి చెప్తోంది. నేను ఒప్పుకోను. బావ పొరపాటు ఏముంది అందులో? వెలుగుతుంటే లోపల, వెలగకపోతే బయట. ఆయన బతుకంతా అదే లెక్క, ఆ లెక్క తప్పితే జీపు ఇంటికొస్తుంది. పాత స్విచ్చు మీద ఒక్క మాట ఉండేది. ఆ మాట ఉన్నన్నాళ్లూ ఆయన దాన్ని ముట్టుకోలేదు. మాట తీసేశారు, నీడ తీసేశారు, పక్కన పెళ్లాం ఫొటో గుండ్రంగా కోసి పెట్టారు. ఇంక దాన్ని చూసి మనిషి తనకి తెలిసిందే అనుకుంటాడు కదా. నా అనుమానం కూడా పొరపాటేమీ కాదు. అక్కడ ఉన్నది రంగు ఒక్కటే, రంగు చూసి నాకు తోచింది నేను అనుకున్నాను, ఆయనకి తోచింది ఆయన అనుకున్నాడు. మా ఇద్దరికీ రెండు రకాలుగా కనిపించేట్టు పెట్టినవాడు ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని, ఎంత శుభ్రంగా ఉందో అని చూసుకుంటున్నాడు.

వచ్చే నెల అక్క పురుడుకి వెళ్తోంది. ఈసారి తిరిగి వచ్చే సంగతి మాట్లాడుకుంటూనే సర్దుతోంది, ఊయల ఏ గదిలో కట్టాలో బావతో గొడవ కూడా పడింది. కానీ హైదరాబాద్ నుంచి మేకు కనిపించదు. మళ్లీ చుక్కే దిక్కు. నీలం అంటే కనిపిస్తున్నట్టు, బూడిద అంటే కనిపించనట్టు, ఎప్పుడూ నీలంలోనే ఉంచు, ముట్టుకోకు అని నేనే బావకి నేర్పాను. మంచి శిష్యుడు, గట్టిగానే నేర్చుకున్నాడు.

మొన్న ఫోన్‌కి మళ్లీ అప్‌డేట్ వచ్చింది. ఇప్పుడు అంతా అద్దం. స్విచ్చు నీటిబొట్టులా అయింది, వెనకున్న రంగంతా దాంట్లోంచి కనిపిస్తోంది. వెనక మ్యాప్‌లో గోదావరి నీలంగా ఉంది కాబట్టి స్విచ్చూ నీలంగానే ఉంది. మ్యాప్‌ని కొంచెం పక్కకి జరిపితే బొగ్గు కోసం తవ్విన ఓపెన్‌కాస్టు గుంత మీదికి వచ్చి బూడిద రంగైంది. బావ డ్యూటీ నుంచి వచ్చి, బిళ్ల మేకుకి తగిలించి, ఫోన్ నా ముందు పెట్టాడు.

"మరదలా, చదువుకున్నదానివి గద, ఇది చెప్పు. లోపలనా, బయటనా?"

నేను చూశాను. దగ్గరగా పెట్టుకుని చూశాను, వెలుతురు పెంచి చూశాను. రోజుకి ఇన్ని తెరలు చూసేదాన్ని, ఇదే పని మీద జీతం తీసుకునేదాన్ని, దాన్ని తాకి అటూ ఇటూ జరిపితే తప్ప నాకు తెలియలేదు. తాకేసరికి అక్క ఫోన్ గుయ్యిమంది, అది కూడా కొత్తే. వంటింట్లోంచి అక్క, "మళ్ల ఏమైంది, చుక్క పోయింది?" అని కేకేసింది.

నాదంతా అనుమానపు బుర్ర అనే ముందు మీ ఫోన్ తీయండి. సెట్టింగుల్లోకి వెళ్లి ఏదో ఒక స్విచ్చు చూడండి. వేలు తగలనివ్వకుండా, ఒట్టి కళ్లతో చూసి, అది ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో మీ ఇంట్లో మనిషి మీద ఒట్టేసి చెప్పగలరా?